తిరుగు ఓడలో ఐదుగురే

నేను ఉద్యోగం చేసింది మూడేళ్ల నాలుగు నెలలు. మానేసి రెండేళ్లవుతోంది. ఇరవై ఆరేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మా ఆయన నవ్వుతారు. అందుకని ఆయనా, పాపా నిద్రపోయాక రాస్తున్నాను. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చాను. నా స్వభావమే అంత. పాలు పోసే ఆమె చెంబు వంచేటప్పుడు నేను పాలకేసి చూడను, ఆమె ముఖంకేసి చూస్తాను. పక్కింటివాళ్లు ఊరికే వచ్చి కూర్చుంటే ఎందుకొచ్చారా అని వాళ్లు వెళ్లేదాకా ఆలోచిస్తాను.

కాలేజీ చదువు ముగించుకుని రేపో మాపో ఏదో ఒక ఆఫీసులో చేరబోయే అమ్మాయిలకు ఇది చెప్పాలని ఉంది. టైపు కొట్టడం, ఉత్తరాలు వరసపెట్టి దారానికి గుచ్చడం అక్కడ ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పబోయేది ఎవరూ నేర్పరు. నేను నేర్చుకున్నాను గానీ ఆ నేర్చుకోవడంలో నష్టపోయింది నేను కాదు.

మా ఆఫీసు నంద్యాల స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో, ఒక పత్తి గోదాము పైన ఉండేది. దూదిపింజలు కిటికీలోంచి ఎగిరివచ్చి సిరాబుడ్డిలో పడేవి. రైలు సీట్లు, లారీల కిరాయి, ఓడ టిక్కెట్లు, ఈ మూడూ మా పని. నంద్యాలలో ఓడలేమిటని మీరు అనుకోవచ్చు. మక్కాకు పోయే కుటుంబాలు ఏటా కొన్ని ఉండేవి. మలయాలో, రంగూనులో బంధువులున్నవాళ్లు అప్పుడొకరు, ఇప్పుడొకరు వచ్చేవారు. మద్రాసులోని ఓడ కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడానికి నన్ను పెట్టుకున్నారు. ఇంకొక కారణం కూడా ఉంది. పెద్ద రైతుల ఇళ్లలో ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టరు. వాళ్ల ఇళ్లలోకి పోయి, వసారా దాటి, వంటింటి గడప దాకా వెళ్లి సంతకం తీసుకురాగల మనిషి కావాలి. ఆ పని నాదే.

నా పైన హెడ్ గుమాస్తా ఒక సాయబుగారు. అరవై దాటిన మనిషి. మా యజమాని తండ్రి కాలం నుంచీ అదే కుర్చీలో ఉన్నారు. నన్ను 'బేటీ' అనేవారు, కానీ తన సొరుగు తాళంచెవి మాత్రం నడుముకు కట్టుకుని తిరిగేవారు. అటు బేటీ అంటూ ఇటు తాళంచెవి దాచుకునే మనిషిని నేను మొదటి రోజునుంచే నమ్మలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం మొదట్లో, ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, తలగుడ్డ, భుజాన తువాలు, కిర్రుచెప్పులు. ఆయన తమ్ముడు మలయా దేశంలో, పినాంగులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాడట. ఇంటిల్లిపాదీ ఓడెక్కి పోయి, నెల రోజులుండి రావాలట.

"పిల్లోళ్లు పెద్దోళ్లయినారు సాయబూ," అన్నాడు కూర్చుంటూ. "ఇంగ అందరం ఒక తావ ఉండేది యాన్నో. ఒకసారి సముద్రం సూపిచ్చి తీస్కరావాల."

మొత్తం ఆరుగురు. ఆయన, భార్య, కళ్లు సరిగా కనబడని తల్లి, పద్దెనిమిదేళ్ల కూతురు, పదహారేళ్ల కొడుకు, పన్నెండేళ్ల కొడుకు. మద్రాసు నుంచి వచ్చిన ఓడ పటాన్ని నేను బల్లమీద పరిచాను. లేత నీలం గీతలు, చిన్న చిన్న గదులు, గదిలో మంచానికి ఒక గడి. ఏ మంచం ఎవరిదో పెన్సిలుతో ఆ గడిలో పేరు రాసి పంపాలి. కంపెనీవాళ్లు రెండు గదులు ఉంచారు. ఒకటి నాలుగు మంచాలది, ఒకటి రెండు మంచాలది.

పటాన్ని ఆయన పొలం పటం చూసినట్టు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఉత్తరం యాడ?" అన్నాడు.

"ఓడకు ఉత్తరం ఉండదండీ. అది తిరుగుతూ పోతుంది కదా," అన్నాను.

"పొలానికుంది, ఇంటికుంది, ఆకరికి పశువుల కొట్టానికుంది. ఓడకు ల్యాకపోతే ఎట్ల పాపా?"

సాయబుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మద్రాసు ఇడిస్తే ఓడ తూరుపుకు పోతాదప్పా. ఈ ముక్కు తూరుపనుకో. అప్పుడు ఎడంపక్క ఉత్తరం," అన్నారు.

నేను ఆశ్చర్యపోయాను. ఇరవై ఏళ్లుగా ఓడ టిక్కెట్లు ఇస్తున్న మనిషికి ఓడ తిరుగుతుందని తెలియదా? ఆయన లెక్క ప్రకారం నాలుగు మంచాల గదిలో రెండు మంచాలకు తలవైపు ఉత్తరానికి వచ్చింది. రైతు వేలితో వాటిని కొట్టి చూపాడు.

"సూడు పాపా, ఉత్తరం తలకాయ. పెండ్లి గావాల్సిన పిల్లను దీంట్లో పండబెడ్తామా? అది, మా యమ్మ, ఇద్దరూ ఆ రెండు మంచాల గదిలో ఉంటారు. నేను, ఆమె, మగపిల్లోళ్లు దీంట్లో ఉంటాం."

నేను ఒక పూటంతా కూర్చుని చేసిన ఏర్పాటు వేరే ఉంది. పెద్ద గదిలో ముగ్గురు ఆడవాళ్లు, చిన్న పిల్లవాడు. చిన్న గదిలో తండ్రి, పెద్ద కొడుకు. ఎదిగిన ఆడపిల్ల తల్లి పక్కన ఉంటుంది, ముసలామెకు కోడలు దగ్గరుంటుంది. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరు చేసినా చేయలేరని నా నమ్మకం. అదే చెప్పాను.

"వద్దు పాపా," అన్నాడాయన.

"మరి మగపిల్లలు ఉత్తరం తల పెట్టుకుని పడుకోవచ్చా?"

"వాళ్లు తలదిండు ఇటేసుకోని తిరిగి పండుకుంటార్లే. చెప్తా."

తలదిండు అటునుంచి ఇటు వేసుకోవడం కొడుకులకు వచ్చినప్పుడు కూతురికి రాదా? ఈ మాట నా నోటిదాకా వచ్చింది. సాయబుగారు నాకేసి చూసి, "రాయి బేటీ, ఆయప్ప చెప్పినట్లే రాయి," అన్నారు. రాశాను. ఆ రెండు మంచాల గది నడవ చివర ఉంది. మధ్యలో ఎనిమిది గదులు. కూతురిని తల్లికి అంత దూరంగా, చూపు లేని ముసలామె పక్కన ఎందుకు పెడుతున్నాడు? ఉత్తరం మాట వట్టి సాకని నాకు తెలిసిపోయింది. సాకు చెప్పేవాడు ఏదో దాస్తున్నాడని అర్థం. ఇంతవరకు నా ఆలోచన సరైనదేనని ఇప్పటికీ అంటాను.

తిరుగు ప్రయాణం కాగితం సాయబుగారు తానే రాసుకున్నారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. మామూలుగా రెండూ నేనే రాస్తాను. ఎందుకండీ అంటే, "పేర్లు ఇంగా తేలల్యా. నీకెందుకులే బేటీ," అన్నారు. పోను పేర్లు తేలి, రాను పేర్లు తేలకపోవడమేమిటి? పోయినవాళ్లే కదా వచ్చేది?

ఆ శుక్రవారం ఆయన నమాజుకు వెళ్తూ మొదటిసారిగా సొరుగు తాళం వేయడం మరిచిపోయారు. ఇక్కడ నేను గొప్పలు చెప్పుకోను. మెట్లమీద ఆయన చెప్పుల చప్పుడు ఆగేదాకా ఆగి, సొరుగు లాగాను. కాగితం పైనే ఉంది. పోవడానికి ఆరు మంచాలు. రావడానికి ఐదు.

ఆ ఐదు చూడగానే నాకు అనంతపురం హాస్టలు గుర్తొచ్చింది. నా గదిలో ఉండే అమ్మాయిని వాళ్ల నాన్న ఒక శనివారం తిరుపతికి తీసుకుపోతానని వచ్చి తీసుకెళ్లాడు. పుస్తకం మధ్యలో పెన్సిలు పెట్టి, సోమవారం వస్తానని చెప్పి వెళ్లింది. కొండమీదే పెళ్లయిపోయింది. ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. తండ్రులు ఉన్నట్టుండి ప్రయాణాలు పెడితే నాకు అప్పటినుంచీ భయం. ఇక్కడ కొండ కాదు, సముద్రం. పినాంగులో ఎవడో ముసలివాడికి ఈ పిల్లను ఇచ్చి వదిలేసి వస్తారు. తల్లి ఏడ్చినా వినబడకుండా వేరే గది. ముసలామె కాపలా. సాయబుగారికి అంతా తెలుసు. నా మనసులో కథ మొత్తం తయారైపోయింది. ఏ గడిలో ఎవరున్నారో ఓడ పటంలో కన్నా అందులోనే స్పష్టంగా ఉంది.

వారం తర్వాత ఆడవాళ్ల సంతకాల కోసం, టీకాల సర్టిఫికెట్ల కోసం నన్ను పంపించారు. పొద్దున బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, అక్కడినుంచి వాళ్లు పంపిన ఎద్దులబండిలో వాళ్ల ఊరికి వెళ్లాను. బేతంచెర్ల బండలు పరిచిన పెద్ద వసారా. ఆయన ఇంట్లో లేడు, పొలానికి వెళ్లాడు. నాకు అదే కావాలి. ఇల్లాలు పీటమీద కూర్చుని రాతితో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. ముసలామె గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంది.

ఖాళీ గ్లాసు తీసుకుంటూ నాకు మాత్రం వినబడేలా, "అక్కా, సంతకాలవి గాక యేరే కాగితాలుంటే నాయనొచ్చినాంక ఆయన చేతికే ఇయ్యి. అమ్మకు సూపీయొద్దు," అంది.

తండ్రంటే ఎంత భయపడుతోందో చూడండి అనుకున్నాను.

ముసలామెకు చూపు లేకపోయినా చెవులు బాగానే ఉన్నాయి. "ఏందే గుసగుసలు? సంతకాలు తీస్కోని పో పాపా. పన్నెండు గంటల బస్సు పోతే మళ్లా మూడుకే," అంది. నేను వెళ్లిపోవాలని ఎంత తొందరో ఈ ముసలిదానికి అనుకున్నాను.

పిల్ల గడప దగ్గర తలుపు పట్టుకుని నిలబడింది. నాకూ ఆమెకూ మధ్య నాలుగు అడుగులు. 'నీకు ఈ ప్రయాణం ఇష్టమేనా?' అని ఒక్క మాట అడగవచ్చు. అడగలేదు. భయపడుతున్న పిల్ల నిజం చెబుతుందా అనుకున్నాను. ముసలామె వేలిముద్ర వేయించాను. తర్వాత ఇల్లాలి పక్కన పీట వేసుకుని, ఆమె సంతకం పెడుతుండగా నెమ్మదిగా అన్నాను.

"అమ్మా, పోయేటప్పుడు ఆరుగురు, వచ్చేటప్పుడు ఐదుగురే అని మీకు తెలుసా?"

ఆమె చేయి ఆగింది. సంతకంలో చివరి అక్షరం మిగిలిపోయింది.

"ఎవురు చెప్పినారు?"

"కాగితం నేను చూశాను. ఆరో మనిషి పేరు లేదు. మీ అమ్మాయిని వేరే గదిలో పెట్టమన్నారు. నాకు కూడా అమ్మ ఉంది, అందుకే చెబుతున్నాను. నా పేరు మాత్రం రానీయవద్దు."

ఆమె ఆ చివరి అక్షరం కూడా రాసి, కలం నాకు ఇచ్చింది. చింతగింజలను ఒకవైపుకు తోసింది. "మంచిదమ్మా, చెప్పినావు," అంది. "నీ పేరు రాదు." లేచి కుంకుమ పెట్టి, తమలపాకుల్లో రవికగుడ్డ పెట్టి ఇచ్చింది. నేను తలుపు వైపు చూశాను. పిల్ల అక్కడ లేదు. ముసలామె మాత్రం ముఖం నావైపు తిప్పి, కనబడని కళ్లతో చూస్తూ ఉంది.

బండి ఊరి బయటికి వచ్చేటప్పుడు ఆయన ఎదురొచ్చాడు. "సంతకాలైనాయా పాపా? మజ్జిగన్నా తాగినావా?" అన్నాడు. తాగానన్నాను. నంద్యాలలో బస్సు దిగి, ఆ సంతోషంలో రెండు మూరల కనకాంబరాలు కొనుక్కున్నాను. అమ్మాయిలూ, మీరు ఆఫీసు పనిలో ఏదైనా చేసి, ఆ సంతోషంలో పూలు కొనుక్కోవాలనిపిస్తే, ఆ పని మరొకసారి ఆలోచించి చూడండి.

ఐదో రోజు మొదటి బస్సుకు ఆయన వచ్చాడు. తలగుడ్డ లేదు. సాయబుగారి ఎదురుగా కూర్చున్నాడు. నేను టైపు మిషను మీద కాగితం ఎక్కించి ఊరకే కూర్చున్నాను.

"సాయబూ, మా నాయన ఉన్నప్పటినుంచి నీ కాడికి వస్తాండా," అన్నాడు. "నీకొక్కనికే చెప్తిని. మా యమ్మకు తెల్సు, పిల్లకు తెల్సు, నీకు తెల్సు. మా యమ్మ చెప్పదు. పిల్ల చెప్పదు."

సాయబుగారు ఒక్కసారి నాకేసి చూశారు. సొరుగు వైపు కూడా చూశారు. ఆ చూపులోనే ఆయనకు అంతా అర్థమైందని నాకు తెలిసింది.

"అట్లయితే నా కాన్నుంచే పోయింటాదప్పా," అన్నారు.

"ఎవురితో అంటివి?"

"ఎవురితో అంటే ఏముందిలే. తప్పు నాదే."

అప్పుడు ఆ రైతు చెప్పాడు. గొంతు పెంచలేదు. పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున, తొట్టెలో వేసేటప్పుడు, పదిమందిలో ఆయనే మాట ఇచ్చాడు, పిల్ల నీదేరా అని భార్య తమ్ముడికి. ఆమె ఆ తమ్ముణ్ణి తల్లిలేక తానే పెంచింది. పిల్లకన్నా పదమూడేళ్లు పెద్దవాడు. పద్దెనిమిదేళ్లుగా ఇంకొక సంబంధం చూడకుండా కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు. కానీ రెండేళ్ల కింద అవ్వకు కంటి ఆపరేషనుకని నంద్యాలలో ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. అప్పుడు పిల్ల అక్కడి నర్సుల వెంట తిరిగింది. కట్లు కట్టడం చూసింది, మందులు చూసింది. ఇంటికొచ్చాక తనూ అదే చదువుతానని తండ్రి దగ్గర కూర్చుంది. పినాంగులో చిన్నాయన ఆసుపత్రిలోనే ఆ చదువు ఉంది. సీటు దొరికింది.

"మద్రాసులో యాలప్పా చదివీకూడదు?" అన్నారు సాయబుగారు. జవాబు ఆయనకు తెలుసు. నేను వినాలని అడిగారని తర్వాత తెలిసింది.

"మద్రాసైతే మా బామ్మర్ది పొద్దున రైలెక్కి పోయి మాపటికి పిలుచుకోనొస్తాడు. మాటిచ్చినోన్ని నేనే, ఈడుండి నేనెట్ల కాదంటా? ఓడ పోయినాంక ఏమన్నా అనుకోని. వచ్చినాంక తిట్టు నేను పడ్తుంటి. పిల్ల చదువుకుంటుండె." తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పెట్టె గూడా సర్దుకున్నాది. మూడేండ్లకు సరిపడా బట్టలు, పుస్తకాలు. ఒకే గదిలో ఉంటే వాళ్లమ్మ పెట్టె తెరుస్తాదనే ఆ మూల గది అడిగింటి. ఇప్పుడు తెరిసింది. వచ్చే నెల ముహూర్తం."

నేను టైపు మిషను మీటల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలో లేచి 'నేనండీ' అనాలి. అనలేదు.

ఆయనే నావైపు తిరిగాడు. "పాపా, ఆ పటం తీయి. పెండ్లయినాంక ఐదుగురం పోయొస్తాం. నా తమ్మునికిచ్చిన మాటన్నా తప్పగూడదు. పోను ఐదు, రాను ఐదు రాయి."

పటం పరిచాను. రబ్బరుతో చివరి గదిలో ఆ పిల్ల పేరు చెరిపేశాను.

"నువ్వు మొదట చెప్పినట్లే రాయి. ఆడోళ్లు, చిన్నోడు ఆ పెద్ద గదిలో. నేను, పెద్దోడు చిన్న గదిలో. నీ ఏర్పాటే బాగుండె."

"ఉత్తరం తల..." అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఓడ తిరుగుతాదని నాకు తెల్దా పాపా?" అన్నాడు. "ఎవుర్నన్నా పండబెట్టు. ఏమీగాదు."

ఆయన మెట్లు దిగి వెళ్లాక నేను సాయబుగారి బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. ఆ రైతు వెనక వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే ముహూర్తం ఆగుతాదా?" అన్నారు.

"తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

ఆయన నడుముకున్న తాళంచెవి విప్పి బల్లమీద పెట్టారు. "నువ్వు వచ్చిన దినం నుంచి ఈ సొరుగుకు బీగం ఏస్తాండా. అంతకుముందు ఎప్పుడూ వెయ్యల్యా. సదువుకున్న పిల్ల, నోరు ఆగదేమో అని నిన్ను అనుమానించినా. ఆ దినమే కూసోబెట్టి, ఇదీ సంగతి బేటీ అని చెప్పింటే నువ్వే ఆ పిల్లకు కాపలా ఉంటుంటివి. తప్పు నాది గాక ఎవురిది?"

అది ఆయన మంచితనం. నా వంతు తప్పు అందులో కలిసిపోదు. ఆ రైతు మళ్లీ మా మెట్లు ఎక్కలేదు. తర్వాత టిక్కెట్లకు ఇంకెక్కడికో పోయాడట. బజారులో ఎదురైనా సాయబుగారిని పలకరించకుండా వెళ్లిపోవడం నేను చూశాను. సాయబుగారు మాత్రం ఆగి, ఆయన సందు తిరిగేదాకా నిలబడి, తర్వాత నడిచేవారు.

నేను ఆ తర్వాత ఏడాదికి పైగా అక్కడే పనిచేశాను. పాప కడుపులో పడ్డాక మానేశాను. ఏడో నెలలో ఒకరోజు నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు పక్కన ఆ అమ్మాయి కనబడింది. ఆమె భర్త ఎండకు గొడుగు ఆమె చేతికిచ్చి, సోడా తేవడానికి వెళ్లాడు. మంచివాడిలాగే ఉన్నాడు. నేను తప్పుకుని పోదామనుకున్నాను. ఆమె నన్ను పిలిచింది.

"అక్కా, మీ ఓడ ఎంత పెద్దగుంటాది?"

"నేనూ చూడలేదమ్మా. పటమే చూశాను."

"మా తమ్ముడు చెప్పినాడు. మన రైలు టేసను కన్నా పెద్దదంట." గొడుగు ఇంకో చేతికి మార్చుకుని, "ఆ పొద్దు నువ్వు అమ్మతో చెప్తాంటే తలుపెనక నేనుంటిని," అంది.

"మరి మీ నాయనకు..." అన్నాను.

"నేను చెప్పల్యా, అవ్వను గూడా చెప్పనీల్యా. అమ్మా చెప్పల్యా, నీకు మాటిచ్చింది గదా. సాయబే అన్నాడని నాయన అనుకుంటాండాడు."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నీ ఉద్యోగం పోతాది గదా," అంది నా కడుపు వైపు చూస్తూ. "ఇద్దర్లో ఒకరిదన్నా ఉండనీలే అనుకుంటి."

భర్త సోడా తీసుకొస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించి, "గడపకాడనే నిలబడింటి గదక్కా. నన్ను ఒక్క మాట అడిగింటే అయిపోతుండె," అంది. బస్సెక్కి వెళ్లిపోయింది. నేను ఉద్యోగం మానేశానని ఆమెతో చెప్పలేదు. చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇప్పుడు రెండు గంటలు దాటి ఉంటుంది. నిజానికి ఈ రాత్రి నేను కాగితం తీసింది ఇది రాయడానికి కాదు, మా అమ్మకు ఉత్తరం రాయడానికి. మా ఆయన రేపు ఆదివారం పాపను తీసుకుని వాళ్ల అక్క ఊరికి పోయొస్తానన్నారు. నన్ను రమ్మనలేదు. ఆ అక్కకు నాలుగేళ్ల కొడుకున్నాడు. పాపను చూసినప్పుడల్లా ఆమె 'నా కోడలు, నా కోడలు' అంటుంది. పోయిన వారం మా అత్తగారు పాప పుట్టిన గడియ రాసి ఇవ్వమన్నారు. నాలుగూ కలిపి చూస్తే నాకు కథ మొత్తం తయారైపోయింది. అమ్మా, వీళ్లు నా బిడ్డను మాట ఇచ్చేస్తున్నారు, నువ్వు నాన్నను పంపించు అని మూడు పంక్తులు రాశాను కూడా.

ఆ కాగితం చించి పొయ్యిలో వేశాను. పాప ఊపిరి ఇంకొకసారి చూసి వచ్చాను. తెల్లారి ఆయన లేచాక, కాఫీ ఇచ్చే ముందే, ఎదురుగా కూర్చుని ఆయన్నే అడుగుతాను.